బిందె కింద వైఫై

మెట్‌పల్లి

సదానందం బావకు లింగమూర్తి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క వైఫై తప్ప. ఫోన్ చేస్తే కోడలు కోమల వింటుందని ఉత్తరం రాస్తున్నాను. మస్కట్‌లో ఉన్న అరుణ్ మాతో మాట్లాడటానికి వైఫై పెట్టించాడు. దిష్టి తగలకుండా ఆ డబ్బాను ఇనుప బీరువాలో పెట్టాను. సిగ్నల్ ఒక్క గీతే వస్తున్నది. కొడుకు ముఖం ముక్కలుముక్కలుగా కనిపిస్తున్నది.

నీ బామ్మర్ది,
లింగమూర్తి

తా.క.: పక్కింటి రాజం గోడవారగా కూర్చుని రోజంతా ఫోన్ చూస్తాడు. మిగతా గీతలు వాడే గుంజుతున్నాడు.

నస్పూర్

బామ్మర్దికి దీవెనలు. ముప్పై ఏళ్లు బొగ్గుబావిలో కరెంటు పని చేసినవాణ్ని, నా మాట విను. డబ్బాను బీరువాలోంచి తీసి ఎత్తు మీద పెట్టు.

సదానందం

తా.క.: రాజంతో లొల్లి పెట్టుకోవద్దని మీ అక్క మరీమరీ చెప్పమంది.

మెట్‌పల్లి

బావకు నమస్కారాలు. నువ్వన్నట్టే అటక మీద పెట్టాను. సిగ్నల్ వీధిలోకి పోకుండా పైన మా పెళ్లినాటి రాగి బిందె బోర్లించాను. ఇప్పుడు ఆ ఒక్క గీతా లేదు. కోమల మాత్రం పెరట్లో రాజం గోడ దగ్గర నిలబడి అరుణ్‌తో చక్కగా మాట్లాడుతున్నది. మన నెట్టంతా అటే పోతున్నదనడానికి ఇంకేం రుజువు కావాలి?

లింగమూర్తి

తా.క.: అక్క మాట అందేసరికే ఆలస్యమైంది. కులసంఘంలో అందరి ముందు, "మా నెట్టు గుంజుకుంటున్నవ్, సిగ్గు లేదా?" అని రాజంను కడిగేశాను. తల వంచుకుని పోయాడు.

నస్పూర్

ఓరి బామ్మర్దీ! ఇనుమైనా రాగైనా సిగ్నల్‌కు అడ్డుగోడే. ముందు బిందె తీయి. పాస్‌వర్డ్ ఇవ్వందే పక్కింటివాళ్లు మన నెట్టు వాడలేరు. ఇచ్చిందేమో కోమలను అడుగు.

సదానందం

తా.క.: మీ అక్క నీ ఉత్తరం చదువుతూ పడిపడి నవ్వింది. రాజం సంగతి దగ్గర నవ్వు ఆగిపోయింది.

మెట్‌పల్లి

బావకు, తలెత్తుకోలేక రాస్తున్నాను. బిందె తీశాను. గీతలన్నీ వచ్చాయి. పాస్‌వర్డ్ ఇచ్చావా అని కోమలను అడిగాను.

"మన నెట్టు ఎన్నడొచ్చింది మామా, ఇచ్చేటందుకు? రాజం మామనే వాళ్లింటి నెట్టు నాకిచ్చిండు. నాకు మంచిగ అందాలని డబ్బ తెచ్చి మనదిక్కు కిటికీల పెట్టిండు. నీకు చెప్తే చిన్నబోతవని చెప్పద్దన్నడు."

ఇన్నాళ్లూ నా కొడుకు ముఖం మా ఇంటికి చూపించింది ఆయన. వెంటనే వాళ్లింటికి వెళ్లాను. సిగ్గుతో గుమ్మంలోనే నిలబడ్డాను. "లోపలికి రా లింగన్నా, చాయ్ తాగుదువు" అన్నాడు.

లింగమూర్తి

తా.క.: ఆదివారం సంఘంలో తప్పు ఒప్పుకుంటానన్నాను. "అద్దు లింగన్నా, అందరు నవ్వుతరు" అన్నాడు రాజం. నేను ఆయన్ను అన్నదీ అందరి ముందే కదా! చెబుతాను. నువ్వు మాత్రం ఆ రోజు ఇటు రాకు.