పెద్ద ఇంజను, ముందు సీటు

వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే నేను, ఒంట్లో ఓపిక కాస్త అటూ ఇటూగా ఉన్నా బుద్ధి నిలకడగా ఉండగానే, ఎవరి ప్రోద్బలమూ బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్తిగా రాస్తున్న వీలునామా ఇది. సూదిలో దారం ఇప్పటికీ కళ్లద్దాలు లేకుండానే ఎక్కిస్తాను. మతి చలించి రాసిందని రేపు ఎవరైనా అంటే ఆ సంగతి వారికి చెప్పండి. దీన్ని అమలు జరిపే బాధ్యత మా వీధి మందుల షాపాయనది.

1. నేను ఉంటున్న ఇల్లు, నా తదనంతరం, మా అబ్బాయికీ అమ్మాయికీ సమానంగా చెందాలి. వెనుక షెడ్డు మాత్రం అమ్మాయి వాటాలోకే రావాలి. దాన్ని గోడౌను చేద్దామని అబ్బాయి కన్నేశాడు. నేను చూడలేదనుకుంటున్నాడు.

2. కుట్టుమిషను, పెద్ద కత్తెర కోడలికి. ఆమె కుట్టదు, అయినా ఆమెకే. కాపురానికొచ్చిన కొత్తలో నేను కుట్టిచ్చిన జాకెట్టు తొడుక్కుని అద్దం ముందు గిర్రున తిరిగింది. ఈ ఇంట్లో నా పనిని అంత మురిపెంగా చూసుకున్నది ఆమె ఒక్కతే.

3. ఇక కారు. ఇది కొంచెం పొడుగు సంగతి, మందుల షాపాయన ఓపిక పట్టాలి.

అది మా మామగారి నాటి బండి. ఇంటిల్లిపాదీ ఎక్కితే వంతెన ఎక్కలేక ఆయాసపడేది. వెనకాల హారన్లు మోగుతుంటే ఎవరో ఒకరు దిగి నడవాలి. దిగేది ఎప్పుడూ నేనే. మా ఆయన పోస్టాఫీసులో రిటైరయ్యాక, "ఒళ్లు గట్టిదే, ఊపిరే చాలట్లేదు" అంటూ, గుద్దుకుని పాడైన ఒక పెద్ద కారు ఇంజనును పాతసామాన్ల యార్డు నుంచి తెచ్చి షెడ్డులో దింపించారు. అప్పుడే పాలిటెక్నిక్ ముగించిన మా అమ్మాయి కొంగు బిగించి దిగింది పనిలోకి.

ఆ ఇంజను ఆ చోట పట్టలేదు. రేడియేటరు ముందుకు జరిపారు. ఇంజను కూర్చునే దిమ్మలు కోసేసి కొత్తవి వెల్డింగు చేయించారు. అయినా బానెట్ మూతపడలేదు. బ్రేకులు కూడా పెద్దవి వేయాల్సిందేనని అమ్మాయి పట్టుబట్టింది. "పరిగెత్తడం నేర్పితే ఆగడం కూడా నేర్పాలి కదా నాన్నా" అంది. ఆయన పొంగిపోయారు. ఆ మాట ఎదురింటికీ పక్కింటికీ చెప్పుకున్నారు. నా మాట ఒక్కటైనా అలా చెప్పుకున్నారా? లేదు.

నేను టీ తీసుకెళితే ఇద్దరి తలలూ బానెట్ కిందే ఉండేవి. "అక్కడ పెట్టమ్మా" అనేది అమ్మాయి, తల ఎత్తకుండానే. నాతో నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మనిషి, కూతురితో అన్ని నెలలు ఏం మాట్లాడేవారో! సవతి ఉన్నా అంత కుళ్లుకునేదాన్ని కాదు. సవతినైతే జుట్టు పట్టుకోవచ్చు. కన్నకూతుర్నీ, ఇనప ముద్దనూ ఏం చేస్తాం?

4. పైన చెప్పిన కారు ముందు సీటు కవరు నా తోడికోడలికి చెందాలి. బండి బయటికి తీసేనాడు నేను ఎక్కి కూర్చోవాలని ప్రత్యేకంగా కుట్టుకున్న కవరది. నేను ఇంటికి తాళం వేసి వచ్చేలోగా, "బావగారూ, నన్ను ఇంటి దగ్గర దింపేద్దురూ" అంటూ ఆమె ఎక్కేసింది. మర్నాడు వచ్చి, "అక్కా, పల్లకీలో ఊరేగినట్టుందనుకో!" అంది. కవరు విప్పి, ఉతికి, అటక మీద పెట్టాను. ఊరేగమనండి.

5. ఆయన పోయారు. అమ్మాయి పక్కవీధిలో సొంతంగా మెకానిక్ షాపు పెట్టుకుంది. ఆదివారం ఆదివారం వచ్చి, కారు స్టార్టు చేసి, అందులోనే చాలాసేపు కూర్చుని, ఇంట్లోకి మంచినీళ్లకు మాత్రమే వచ్చేది. ఒకనాడు ఉండబట్టలేక అనేశాను: "ఆ రాకాసి ఇంజను పీకేసి పాతదే పెట్టు." పోట్లాడుతుందనుకున్నాను. గ్లౌజులు తీసి నా చేతిలో పెట్టింది. "సరే. ఒక్కదానివల్ల అయ్యే పని కాదు, నువ్వూ పట్టు."

పట్టాను. బోల్టులు విప్పుతూ అడిగాను: "నువ్వూ నాన్నా అన్నాళ్లు ఏం మాట్లాడుకునేవాళ్లే?"

"నాన్న మాట్లాడటమా? స్పానర్ ఇవ్వు, లైటు ఇటు పట్టు. అంతే కదమ్మా. వంటింట్లో మీరిద్దరూ గుసగుసలాడుకుంటుంటే నాకే కుళ్లొచ్చేది."

వంటింట్లో మేము ఆడుకున్న గుసగుసలు గ్యాసు అయిపోవడం గురించి. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆ మనిషి మీద ఒళ్లు మండింది. అప్పటికి ఇంజను గొలుసుకు వేలాడుతోంది. "పక్కన దించేయనా?" అనడిగింది. "మళ్లీ లోపలే పెట్టు" అన్నాను. పాతది పెడితే వంతెన దగ్గర దిగేది ఎవరు మరి?

6. కావున సదరు కారు, ఇంజను మార్పు నమోదైన కాగితాలతో సహా, సర్వహక్కులతో మా అమ్మాయికి. టార్పాలిన్ కింద ఉన్న పాత ఇంజను అబ్బాయికి. ఎలాగూ అమ్ముకుంటాడు.

7. నా కంఠంలో ప్రాణం ఉన్నంతవరకూ కారు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. డ్రైవింగ్ నాకు అమ్మాయే నేర్పింది. మొన్న ఊరు దాటి చాలా దూరం వెళ్లాం. ఏదో చెబుతూ చెబుతూ అమ్మాయి మాట మధ్యలో ఆగిపోయింది. చూస్తే పక్క సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నా డ్రైవింగ్ మీద నమ్మకంతోనో, షాపులో అలిసిపోయో అడగలేదు. ఇంటికి తిరగాల్సిన మలుపు వచ్చింది. తిప్పకుండా ఇంకాస్త దూరం పోనిచ్చాను.

ఇది నేను చదువుకుని, సరిగ్గా ఉందని తేల్చుకుని, సాక్షుల ఎదుట చేసిన సంతకం.

తేదీ: జూలై రెండు

(సంతకం) టైలరమ్మ

సాక్షులు:
1. ఎదురింటి గడియారాల రిపేరాయన
2. ఆయన భార్య, నర్సు