సుబ్బమ్మకు నచ్చిన హీనా అత్తరు

14-5-1956, సోమవారం

మా పెండ్లినాడు సుబ్బమ్మకు నచ్చిన హీనా అత్తరు పోయిన నెల అయిపోయింది. ఆ వాసన మళ్లీ దొరకదేమోనని బెంగగా ఉండేది. ఈరోజు నంద్యాలలో అత్తరు సాయిబు దగ్గరికి వెళ్లాను. ఆయన నా మణికట్టు మీద రాస్తే లవంగాల ఘాటుకు ముక్కు అదిరింది.

"కల్తీది అంటగడ్తాండావా సాయిబూ?" అనేశాను. నేను అంత మాట అనే మనిషిని కాను.

ఆయన నవ్వాడు. "కొట్లో చూస్తే ఏం తెలుస్తాదప్పా? చెవిలో పెట్టుకొని పో. ఆళ్లగడ్డ చేరినాంక తిట్టు."

అత్తరు దూది చెవి మడతలో పెట్టుకొని బస్సెక్కాను. చెమట పట్టేకొద్దీ ఘాటు తగ్గింది. శిరివెళ్ల దాటాక గోరింటపూల వాసన, దాని వెనక గంధం. ఊళ్లో దిగేసరికి తొలివానకు తడిసిన మట్టి వాసన. అదే అత్తరు!

వాకిట్లో సుబ్బమ్మ చేటతో నిలబడిపోయింది. "ఏందీ, మళ్లా పెండ్లికొడుకైనావా? ఈసారి పిల్లది యా ఊరంట?"

ఇద్దరం నవ్వుకున్నాం.

సాయిబును అన్న మాటే గుచ్చుకుంటోంది. గురువారం బుడ్డి కొనడానికి మళ్లీ వెళ్లాలి. "తిట్టమంటివి కదా, వచ్చినా" అని మొదలుపెడితే నవ్వుతాడేమో…

దూది ఇంకా తీయలేదు.