మొక్కు నాడు వేసిన కేక

చిత్తూరు,
బుధవారం మధ్యాహ్నం.

సౌభాగ్యవతి పంకజాక్షికి దేవరాజులు ఆశీస్సులతో వ్రాయునది.

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. లోహిత కూడా క్షేమమని వ్రాయవలసిన చోట కలం ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పడానికే ఈ ఉత్తరం. నీవు అక్కడ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తున్నాను.

నీతో అక్కడ పనిచేసే రాజశ్రీ సెలవు ముగించుకుని శుక్రవారం కువైట్‌కు తిరిగి వస్తోంది; ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను. ఆమె చేత నీవు పంపిన ఉత్తరమూ ఖర్జూరాలూ అందాయి. వారం వారం ఫోనులో మాట్లాడుకుంటున్నా, నీవు ప్రశ్నలను కాగితం మీద పెట్టి పంపావంటే నా జవాబులను నమ్మలేదని గ్రహించాను. నమ్మకపోవడం సబబే.

మొదట అమ్మ కంటి సంగతి. ఆపరేషన్ బాగా జరిగింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకోమంటే మాత్రం "ఇవి పెట్టుకుంటే రౌడీ మాదిరి ఉండాను గదరా" అని తీసి పక్కన పడేస్తోంది. చుక్కల మందు లోహితే వేస్తోంది. నా చేతికి కన్ను చూపించదు.

ఇక మొక్కు. చిన్నప్పుడు లోహిత డెంగ్యూ నుండి బయటపడినందుకు, పదవ తరగతి గట్టెక్కాక దాని బరువు బెల్లం వేణుగోపాలస్వామికి సమర్పిస్తానని నీవు మొక్కుకున్నావు. "దివ్యంగా జరిగింది" అని ఫోనులో చెప్పాను. స్వామికి బెల్లం ముట్టినంత వరకు అది నిజమే.

గుడిలో తులాభారానికి తగిన త్రాసు లేదు. మా బెల్లం మండీలో మూలన పడివున్న పాత త్రాసును నేనే తోమించి, పూలదండలు కట్టించి తెచ్చాను. బెల్లం దిమ్మెలను కూడా నేనే ఏరాను. బంధువులంతా వచ్చారు. లోహిత స్నేహితురాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. రాత్రి కళాశాలలో చదివి బి.ఏ. పట్టా పుచ్చుకున్న ఈ గుమాస్తా కూతురి వేడుక ఎలా ఉంటుందో నలుగురూ చూడాలని నా ఆశ.

లోహిత ఒక తట్టలో కూర్చుంది. రెండో తట్టలో దిమ్మెలు పేరుస్తున్నాము. దాని తట్ట ఇంకా లేవలేదు. మీ అన్న చెంగల్రాయుడు అన్నాడు: "ఏం బావా, మండీ అంతా ఖాళీ చేసేటట్టుండాదే నీ కూతురు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోలేదు. "మేలు రకం సరుకప్పా, తూకం రాకుండా పోతాదా?" అన్నాను.

అప్పుడు ముల్లు నిలిచింది. మండీలో ముల్లు నిలవగానే రైతుకూ వ్యాపారికీ హమాలీకీ వినబడేలా గుమాస్తా రాగం తీసి బరువును కేక వేయాలి. కేక లేని తూకం చెల్లదు. ఇన్నేళ్ళ అలవాటు నోటికి వచ్చేసింది. గర్భగుడి ముందు, అంతమంది ఎదుట, కన్నకూతురి బరువును బెల్లం వేలం వేసినట్టు కేక వేశాను. ఆ అంకెను ఇక్కడ వ్రాయను.

ఎవరో పిల్ల ఫోనులో వీడియో తీసింది. మరునాటికి అది లోహిత ఇంటరులో చేరిన కాలేజీ అంతా తిరిగింది. అక్కడ మన బిడ్డ పేరు 'దిమ్మె' అయింది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నీ మూడో ప్రశ్న, లోహిత ఫోనులో ముఖం ఎందుకు చూపించడం లేదని. కెమెరా చెడిపోయిందని చెప్పింది నేనే. చెడిపోలేదు. గడ్డం కింద కుట్లు పడ్డాయి. కాలేజీలో లాబు గదిలో కళ్ళు తిరిగి బల్ల అంచు మీద పడింది. నీవు దూరాన ఉండి కంగారు పడతావని దాచామనుకో. అసలు కారణం అది కాదు. ఎందుకు పడిందని నీవు అడుగుతావు. ఆ జవాబుకు భయపడ్డాను.

కుట్లు వేసిన డాక్టర్ కృపామణి గారు లోహితను బయట కూర్చోబెట్టి నన్ను పిలిచారు. "మీరు తినేటప్పుడు పాప యాడ కూర్చుంటాది?" అని అడిగారు.

"వడ్డిస్తుందండీ."

"మరి ఎప్పుడు తింటాది?"

"మేము లేచినాక."

"అంటే తింటాదో లేదో ఇంట్లో ఎవురికీ తెలీదు."

నాకు రోషం వచ్చింది. "నేను పట్టభద్రుణ్ణి మేడమ్. ఏది ఎంత తినాలో చార్టు వ్రాసివ్వండి, అమలు చేస్తాను" అన్నాను.

"ఇంగా లెక్కలేనా? ఆ బిడ్డను లెక్కలతోనే గదా ఈడికి తెచ్చినారు!" అన్నారామె. చార్టు ఇవ్వలేదు. అందరూ ఒకే వేళకు కూర్చుని, ఒకే వంట తినమన్నారు. ఇది లావు చేస్తుంది, అది చిక్కిస్తుంది అనే మాటలు ఇంట్లో వినబడకూడదన్నారు. ఆ వయసులో ఒళ్ళు పెరగడం తప్పు కాదు, పెరగకపోతేనే తప్పన్నారు. బరువు గురించి, రూపం గురించి, మెచ్చుకోలుగానైనా సరే, మాట్లాడవద్దన్నారు. రెండు వారాలకొకసారి చూపించమన్నారు, చూపిస్తున్నాను.

మెచ్చుకోలు అనే మాట దగ్గర నేను తల వంచుకున్నాను. ఎందుకో ఆమెకు చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

పడిపోవడానికి చాలా ముందే నాకు తెలుసు పంకజాక్షీ. ఒక సాయంత్రం పెరట్లో లోహిత తన సంగటి ముద్దను పక్కింటి కుక్కకు వేస్తుండగా చూశాను. పిలవలేదు, అడగలేదు, చప్పుడు కాకుండా లోపలికి వచ్చేశాను. బాధపడి ఉంటానని నీవు అనుకుంటావు. లేదు. సంతోషించాను. గుడిలో ఆ నవ్వు నాకూ గుచ్చుకుంది. బిడ్డ చిక్కితే మీ అన్న నోరు మూతపడుతుందని, నా పరువు నిలుస్తుందని లోలోపల లెక్క వేసుకున్నాను. కొన్నాళ్ళకు పిల్ల ముఖం పీక్కుపోయింది. "ఇప్పుడు సక్కంగుండావు" అన్నాను దానితో. మెచ్చుకున్నాను. ఆ మాటతో అది రాత్రి పూట తిండి కూడా మానేసింది. తండ్రినైన నేను నా కూతురి ఆకలిని చూసి ఆనందించాను. ఇంతకంటే వివరంగా వ్రాయడానికి చేయి రావడం లేదు.

డాక్టరు గారి దగ్గర నుండి వచ్చాక కలిసి తినడం మొదలుపెట్టాము. సంగటి నేనే కెలుకుతున్నాను, ఉండలు కడుతోంది. "గోడకు పూసుకోవచ్చురా" అంటోంది అమ్మ. లోహిత మా పక్కన కూర్చుంటోంది కాని మెతుకులు కదిలించి లేచిపోతోంది. ఒకనాడు అమ్మ పడుకున్నాక దాని పక్కన చేరి, మెల్లగా, తప్పయిపోయిందని చెప్పాను.

అది నా వంక సూటిగా చూసింది. "గుళ్ళో అందరి ముందర అరిచినావు. సారీ మాత్రం ఈడ సెవిలో సెప్తావా నాయనా?"



పోయిన ఆదివారం నగరిలో మీ అన్న మనవరాలిని తొట్టిలలో వేసే పండుగకు వెళ్ళాము. మీ అన్న ఈపాటికి నీకు ఫోను చేసి "బావకు మతి పోయింది" అని చెప్పే ఉంటాడు. జరిగింది ఇది. పంక్తిలో కూర్చున్నాక మీ వదిన లోహిత బుగ్గ పట్టుకుని, "సగమైపోయినావే! ఇప్పుడు బొమ్మ మాదిరుండావు" అంది. లోహిత చేయి ఆకు మీది నుండి వెనక్కి వెళ్ళింది. నేను లేచి నిలబడ్డాను. వారం రోజులుగా మనసులో కూర్చుకున్న చక్కటి వాక్యాలు ఒక్కటీ రాలేదు. మండీ గొంతు మాత్రం వచ్చింది.

"అందరూ ఇనండప్పా! ఆ పొద్దు గుళ్ళో నా బిడ్డ బరువు అరిచి సెప్పినాను. నవ్వినాను. ఆ తరవాత ఈ బిడ్డ తిండి మానేసి పడిపోయింది. తప్పు నాది. ఇంగ మీద దీని ఒళ్ళు గురించి ఎవురూ ఒక మాట గూడా అనొద్దండి. మంచి మాట గూడా వద్దు."

వడ్డించేవాళ్ళు గరిటెలతో అలాగే నిలబడిపోయారు. మీ అన్న "కూర్చో బావా, సాంబారు ఆరిపోతాంది" అని తల దించుకున్నాడు. లోహిత ముఖం ఎర్రబడింది. "సాలు నాయనా, అందరూ నన్నే సూస్తాండారు" అని గొణిగింది. మళ్ళీ దాని పరువే తీశానా అనుకుంటూ కూర్చున్నాను. అక్కడ అది ఏమీ తినలేదు.

తిరుగు బస్సు పుత్తూరు దాటాక, "ఆకలేస్తాంది" అంది. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. మీ వదిన కట్టిచ్చిన ఒబ్బట్ల పొట్లం దాని ఒడిలో ఉంది. "నువ్వు మాత్రం నన్ను సూడొద్దు" అంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పొట్లం కాగితం చప్పుడు వినిపిస్తూ ఉంది. మెడ పట్టేసినా చిత్తూరు వచ్చేదాకా తల తిప్పలేదు.

ఈ ఆదివారం నీకు ముఖం చూపిస్తానంది. చూడగానే "ఎంత చిక్కిపోయావే" అని నీ నోటికి వస్తుంది. తల్లివి, రాకుండా ఉండదు. ఆ మాట దానితో అనకు. దాచుకుని, తర్వాత నాకు ఫోను చేసి నాతో అను. ఎంత కోపంగా అన్నా సరే, వింటాను.

ఇట్లు,
లోహితకు నాయన,
దేవరాజులు.