నా కంటిపాప విప్పారలేదన్న అభియోగం గురించి

కౌరీ బే, టాస్మేనియా.

వృద్ధుల జ్ఞాపకశక్తి పరీక్షా కేంద్రం అధికారి వారి సముఖమునకు, రిటైరైన పడవ సరంగు మెర్విన్ ట్యాప్‌స్కాట్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా కంటిపాపలు విప్పారకపోవుటకు నా మెదడు బాధ్యత వహించదని ధ్రువీకరించుట గురించి.

1. గత మాసమున తమ కేంద్రంలో నా కళ్ళను పరీక్షించిరి. మనసు పెట్టి వినేవారి కంటిపాప పెద్దదవునని, వయసుతో మెదడు సన్నగిల్లితే ఆ తీరు మారవచ్చునని నర్సు ఇవానా గారు సెలవిచ్చిరి. ఒక్క పరీక్షతో ఏదీ తేల్చరాదని కూడా అనిరి. ఈ రెండో ముక్క నా భార్య గ్వెండా చెవిన పడలేదు.

2. నాటి నుండి ఆమె మాట్లాడునప్పుడెల్లా నా కంట్లోకి టార్చిలైటు వేయుచున్నది. వెలుగుకు కంటిపాప ముడుచుకొనుట సహజమని మనవి చేసితిని. "చూశావా, సాకులు!" అని భూతద్దం కొనుక్కొచ్చినది.

3. నిన్న టీ వేళ సంభాషణ యథాతథముగా:
"నేను చెప్పింది విన్నావా?"
"విన్నాను."
"మరి కంటిపాప కదల్లేదేం? వింటే జబ్బు. వినకపోతే పొగరు. ఏదో ఒకటి ఒప్పుకో, మెర్వ్!"
ఈ రెంటిలో ఏది ఒప్పుకొన్ననూ నాకు భోజనము దక్కదు. సంగతి ఊరంతా పాకినది. మాంసం కొట్టు నోరిస్ సైతం సాసేజీలు కట్టే ముందు నా కళ్ళలోకి వంగి చూచుచున్నాడు.

4. అసలు కారణము విన్నవించుకొనుచున్నాను. ఆమె చెప్పినది మా పెళ్ళినాడు వాలబీ అనే చిన్న కంగారూ ఒకటి చర్చిలో దూరి పూలగుత్తి నమిలేసిన వైనము. దానిని పొద్దున చెప్పినది. గిన్నెలు కడుగుతూ చెప్పినది. టీ చల్లారకముందే మళ్ళీ చెప్పినది, ప్రతిసారీ కొత్తగా, నవ్వుతూ. నా కంటిపాప ఏమని విప్పారును?

ఈ మాట ఆమెతో అనలేదు. జబ్బు నాదేననుకొని నన్ను కాపాడే పనిలో పడినది. ఆ హుషారు చూస్తే నాకు నోరు రాదు.

5. కావున నన్ను రెండో పరీక్షకు పిలిచి, ఎలా కూర్చోవాలో నాకు చూపించమనే మిషతో ముందు ఆమెను కూర్చోబెట్టి చూడవలసినదిగా ప్రార్థన. నాకు ధ్రువపత్రము అక్కరలేదు. నా మొర చిత్తగించి ఆదుకొనవలెను.

ఇట్లు,
నిద్ర పట్టని తమ విధేయుడు,
మెర్విన్ ట్యాప్‌స్కాట్

తా.క.: సార్, కవరు అంటించేలోపు గ్వెండా దీన్ని లాక్కుని చదివేసింది. అరుస్తుందనుకున్నా. టార్చిలైటు, భూతద్దం తీసి సొరుగులో పెట్టేసింది.

"నాకూ కొన్నాళ్ళుగా అనుమానంగానే ఉంది, మెర్వ్. నీ మీద ధ్యాస పెడితే నా సంగతి ఆలోచించక్కర్లేదు కదా అని..." అంది. తర్వాత, "మోసం ఎందుకు? నేనే వస్తానని రాయి. మంగళవారం వద్దు, జుట్టు కత్తిరించుకోవాలి" అంది.

కాబట్టి అయిదో అంశం కొట్టేయండి సార్. బుధవారం ఇద్దరం బస్సులో వస్తున్నాం. కుర్చీలు పక్కపక్కనే వేయించండి, చేయి అందేంత దగ్గరగా.