మూడో అంచు

తమ్మీ,

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న నీ సంవత్సరీకం పెట్టాం. ఇవాళ టీవీలో మనం చూసే ఆ అడ్డంకుల పోటీ మళ్లీ వచ్చింది. ఆ గోడ అలాగే ఉంది. వేలెడు మందం కూడా లేని చెక్క అంచులకు వేలాడుతూ, ఒకదాని మీంచి ఇంకోదానికి దూకాలి. వచ్చినవాళ్లంతా మూడో అంచు దగ్గరే నీళ్లలో పడ్డారు. నువ్వుంటే "గట్ల కాదక్కా, వాని చేతులు తడిగున్నయి" అని విసుక్కునేవాడివి.

నీ చేతులు జారకుండా అమ్మ డబ్బాలోని ముగ్గుపిండి పూసుకుని, ఈ మీర్‌పేట కిరాయింటి దర్వాజకు వేలాడేవాడివి. "వాకిట్ల వేసేదంతా వీని చేతులకే అయితుంది" అని అమ్మ తిట్టేది. దర్వాజ మీది నీ వేలిముద్రల్ని ఇంటి ఓనరామె రంగు వేయించి కప్పేసింది.

ఏడాదిగా మనింటి ముందు ముగ్గు లేదు. ఇక వేయొచ్చు కదా అని పొద్దున డబ్బా దించి ఇచ్చాను. అమ్మ మూత తీసింది. పిండి గడ్డకట్టి, నువ్వు వేళ్లు ముంచిన నాలుగు గుంటలూ అట్లాగే ఉన్నాయి.

"కదపకు బిడ్డా, పైన వెట్టు" అంది.

వాకిట్లో వట్టి నీళ్లు చల్లి వచ్చాను.

అక్క