తలకిందుల గోపురాల అంచు

తిరుత్తణి,
ఆగస్టు 1979.

కాంచనక్క పాదాలకు నమస్కారాలు,

మన కుటుంబం ముఖాలకు నేను చేసిన ఘోరానికి ముందుగా నీ క్షమాభిక్ష కోరుతున్నాను. నాయనను పోలీసులకు దొరికినవాడిలా, అమ్మను కామెర్లు వచ్చినదానిలా చిత్రించిన పాపం నాదే. అవ్వ మాత్రం పడుచుగా వచ్చింది, ఆమె ఒక్కతే మెచ్చుకుంది. ఆ ముఖాల సొంతదారులందరూ క్షేమం. పళవేర్కాడులో నువ్వూ, ఆరోగ్యస్వామి బావా, ఆయన పడవా క్షేమమని తలుస్తాను.

బి.ఏ. చదివి రోజూ తిరువళ్ళూరుకు రైలెక్కి ఏం నేర్చుకుంటున్నావని అడిగావు. ఆయిల్ పెయింటింగ్, అక్కా! అది నేర్పే వరదన్ వాద్యారు మొదటిరోజే, "తెలిసింది వెయ్యొద్దు, చూసింది వెయ్యి" అన్నారు. అప్పటినుంచి చూస్తూనే ఉన్నాను. అమ్మ నల్లజుట్టులో నీలం ఉంది! నాయన తెల్లపంచెలో తెలుపు ఎక్కడా లేదు. గడ్డం కింద నీడ పచ్చగా ఉంటుంది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఇవన్నీ నాకు కనబడకుండా ఎక్కడ దాచారో!

అమ్మ ఊరుకుంటుందా?

"నా గడ్డం కింద పాచి పట్టిందేందిరా? తుడువు!"

"అది నీడ, మా."

"నీడైతే గోడ మీదుండాల."

బొమ్మలో నీ చోటు ఖాళీగా వదిలానా అనీ అడిగావు. వదల్లేదు. నాయన కుర్చీ వెనకే నిన్ను నిలబెట్టాను. బావతో చర్చిలో పెళ్ళికి వెళ్ళిననాడు కట్టుకున్నావే, నాయన నేసిన గోపురం అంచు చీర, అందులోనే. ఆనాటినుంచి ఆయన నీ పేరెత్తలేదు కదా, కాన్వాసు చింపేస్తాడేమోనని భయపడ్డాను.

నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి బొమ్మ మీదికి వంగాడు.

"రంగు ఇంకా ఆరలేదు నాయనా. గీకేయమంటావా?"

"అంచులో గోపురాలు తలకిందులుగా ఉండాయేందిరా? నేను నేసింది ఇట్లేనా?"

"గుర్తున్నట్టు ఏసినా."

"చీర చూడకుండా అంచెట్ల ఏస్తావు?"

"చీర అక్క దగ్గరుండాది."

"కట్టుకోని రమ్మను. మడిచి పంపిస్తే అంచు పడే తీరు యాడ తెలుస్తాది?"

అంతే, మళ్ళీ గుంటలోకి దిగాడు. అమ్మ వంటింట్లోకి పరుగెత్తింది, ఏడవడానికో ఏమో.

కాబట్టి ఆదివారం రా. బావనూ తీసుకురా. బొమ్మలో నీ పక్కన చోటుంది, అది మాత్రం నిజంగా ఖాళీ.

చివరి మాట చదివి ఈ కాగితం చింపేయి. పైన ఒప్పుకున్న పాపాలన్నీ చేతకాక జరిగినవే. కానీ ఆ చీర నేసినన్నాళ్ళూ నాయన పక్కన కూర్చుని కండెలకు దారం చుట్టింది నేను. ఆ గోపురాలు కళ్ళు మూసుకునైనా వేయగలను.

తలకిందులుగా వేసింది కావాలనే.

ఇట్లు,
ముఖాలన్నీ చెడగొట్టిన నీ తమ్ముడు,
కోదండరామ