శెట్టిగారి బోణీ, సైకిళ్ల బాట

ప్రొద్దుటూరు,
ఆదివారం

అన్నా,

నీకూ వదినకూ నమస్కారాలు. నేనిక్కడ ఆరోగ్యంగానే ఉన్నాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందని నీ కార్డులో చదివి మనసు కుదుటపడింది. పిల్లల దగ్గు పూర్తిగా పోయిందో లేదో ఈసారి తప్పకుండా రాయి.

పులివెందుల వదిలి వచ్చి మూడు నెలలైంది. పత్రిక పని నాకు కొత్త కాదు, ఊరే కొత్త. ఎండ మన దగ్గర ఉన్నట్టే ఉంది, దుమ్ము మాత్రం ఎక్కువ. హోటలు సాంబారు తియ్యగా ఉంటుంది, అలవాటు చేసుకున్నాను. సాయంత్రం వార్తల కవరు బస్సుకు అందించి గదికి వచ్చాక మాట్లాడే మనిషి లేక కొన్నాళ్లు ఇబ్బంది పడ్డాను. ఇప్పుడు పక్క వాటాలో ఉండే దర్జీ మస్తాన్ స్నేహమయ్యాడు. నువ్వేమీ దిగులు పెట్టుకోవద్దు.

నా సైకిలు బస్సు మీద వేయించి పంపమంటావా అని రెండుసార్లు అడిగావు. ఆగమన్నాను గాని కారణం రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

ఇక్కడి బట్టల అంగళ్ల బజారులో మునిసిపాలిటీ వాళ్లు రోడ్డు అంచున వరసగా నాపరాళ్లు పాతి, సైకిళ్ల కోసం సన్నటి బాట విడిచారు. ఈమధ్య లారీలు, బస్సులు పెరిగాయి. ఆ రాళ్లు పీకేస్తే రోడ్డు వెడల్పవుతుంది, బండ్లు ఆగకుండా పోతాయి అని వర్తకులు అర్జీ పెట్టారు. వాళ్లను ముందుండి నడిపింది కొండయ్య శెట్టి. బట్టల వ్యాపారి, కౌన్సిలు మెంబరు కూడా. టీ అంగట్లో, మంగలి షాపులో, ఎక్కడ చూసినా ఇదే వాదన.

మస్తాన్ కుట్టు మిషను ఉండేది ఆ శెట్టిగారి అంగడి అరుగు మీదే. మస్తాన్‌కు చిన్నప్పటి నుంచి ఎడమకాలు సన్నం. నాలుగు ఇళ్లు దాటేసరికి కూర్చోవాలి. సైకిలు మాత్రం కుడికాలితో తొక్కుతాడు. పక్క నుంచి లారీ ఒరుసుకుంటూ పోతే ఎడమకాలు ఆనించి నిలదొక్కుకోలేడు.

"సైకిలెక్కితే నేనూ అందరి మాదిరే సామీ. దిగితే ఇంకొకరికి బరువు. ఆ రాళ్లు పీకితే మిషను ఇంట్లో పెట్టుకోవల్ల. మా సందులోకి గుడ్డ తెచ్చి కుట్టించుకునేదెవరు?" అన్నాడు.

ఈ మాటే శెట్టిగారిని అడిగాను.

"నేనేమన్నా వానికి పగోడినా సామీ? ఊరు పెద్దదైతాండాది. లారీకి దారియ్యకుంటే సరుకు యాడ దిగల్ల, నా నెత్తినా?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. మస్తాన్‌కు అరుగు ఇచ్చిందీ ఆయనే.

ఒక వారం రాళ్లు తీసి చూద్దాం, తర్వాత తేలుద్దాం అని కౌన్సిలు నిర్ణయించింది. మొదటి రోజు బండ్లు నిజంగానే జోరుగా పోయాయి. అట్లాగే రాసి పంపాను. రెండో రోజు రాళ్లు తీసిన జాగాలో దూది బేళ్ల లారీ ఒకటి ఆగింది. దాని వెనక ఇంకొకటి. మూడో రోజుకు ఆ జాగా అంతా లారీల స్టాండు. బస్సులకు మిగిలింది పాత వెడల్పే. సైకిళ్లు ఆ బస్సుల మధ్యలోకి వచ్చి పడ్డాయి. ఆ రోజే మస్తాన్ కింద పడి మోచేయి చీరుకుపోయింది. మరునాటి నుంచి రాలేదు. అరుగు మీద మిషనుకు దుప్పటి కప్పి ఉంది.

మంచిదా చెడ్డదా అని అడిగితే వచ్చే జవాబులతో నా పుస్తకం అప్పటికే నిండింది. అందుకని అంగడంగడికీ వెళ్లి ఒక్కటే అడిగాను: బోణీ ఎన్ని గంటలకైంది? ఈ బజారులో వ్యాపారి ధర దగ్గర ఎన్ని మాటలైనా మారుస్తాడు, బోణీ సంగతిలో మాత్రం అబద్ధం ఆడడు. ఆడితే మరునాడు బోణీయే కాదని నమ్మకం. అందరూ దాదాపు ఒకే మాట చెప్పారు: బోణీ వేళకు కావడం లేదు. మెట్లకు అడ్డంగా లారీ, సైకిలు ఆనించే చోటు లేదు. పల్లెల నుంచి చల్లపొద్దున సైకిళ్ల మీద వచ్చేవాళ్లు చూసి వెనక్కి పోతున్నారు.

శుక్రవారం కౌన్సిలు మీటింగు. శెట్టిగారు రాళ్లు వద్దని అరగంట మాట్లాడాడు. ఆయన కూర్చోబోతుండగా వెనక జనంలో నుంచి గాజుల అంగడి వెంకటమ్మ లేచింది. నేను అడిగిన ప్రశ్న ఆమెకూ గుర్తుంది.

"అంతా బాగా చెప్పినావు గానీ శెట్టీ, ఈ వారం నీ బోణీ యా పొద్దుకైతాండాది?"

హాలంతా నవ్వులు. చైర్మన్ ఆమెను కూర్చోమన్నాడు.

"కూచుంటాలే సారూ, నాకేం నిలబడాలని మొక్కుండాదా? ముందు ఆయప్పను చెప్పమను."

శెట్టిగారు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నిన్న... పొద్దు నడినెత్తికొచ్చినంక."

"మొన్న?"

"మొన్న కాలేదు."

నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే మిగతా వర్తకులు ఒక్కొక్కరే తమ బోణీ వేళలు చెప్పుకున్నారు. చైర్మన్ చేతులు ఎత్తమన్నాడు. రాళ్లు మళ్లీ పాతాలని, లారీలు అంగళ్లు తెరవకముందే సరుకు దించాలని తీర్మానమైంది. శెట్టిగారి చెయ్యి అందరికన్నా ఆలస్యంగా లేచింది, కాని లేచింది.

నిన్న తెల్లవారేసరికి రాళ్లు పాతేశారు. నేను అక్కడే ఉన్నాను. మోచేతికి కట్టుతోనే మస్తాన్ బాట వెంట వచ్చి, సైకిలు రాయికి ఆనించాడు. శెట్టిగారు అప్పుడే ఊదొత్తులు వెలిగిస్తున్నాడు.

"శెట్టిగారూ, తెల్లదారం ఉండ ఒకటియ్యండి."

"నీకెప్పుడూ ఊరికేనే ఇస్తాండా గదప్పా, తీసుకో."

"ఈపొద్దు ఊరికే వద్దు. బోణీ నాది."

శెట్టిగారు మస్తాన్ చాచిన నాణెం తీసుకొని రెండు కళ్లకూ అద్దుకొని గల్లాపెట్టెలో వేశాడు. నా గడియారంలో ఏడున్నర. పత్రికకు ఆ వేళ మాత్రమే రాశాను, తక్కినది నీకు రాస్తున్నాను.

కాబట్టి అన్నా, ఇక సైకిలు పంపు. టైర్లలో గాలి కాస్త తీసి బస్సు టాపు మీద గట్టిగా కట్టించు. దాంతోపాటు వదిన చేసే చెనిక్కాయల పొడి ఒక డబ్బా. నేను జాగ్రత్తగానే తొక్కుతాను, లారీల భయం లేదు, మళ్లీ మళ్లీ చెబుతున్నాను. పెద్దమ్మకు, చిన్నాయనకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. మీ దీవెన నాకు ఎప్పుడూ కావాలి.

సైకిలు దిగే రోజు మస్తాన్ తన సైకిలు మీద బస్టాండుకు వస్తానన్నాడు. "ఈ బజారు మీకు కొత్త సామీ. నేను ముందు పోతాంటా, మీరు నా వెనకాల రండి" అన్నాడు.

నీ తమ్ముడు,
సుబ్రహ్మణ్యం